దేవుడి పేర రాసిన కోళ్లు

మావారు పాస్టరు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే రెండు వేల ఆరో సంవత్సరంలో మా పెరట్లో నలభై మూడు కోళ్లు ఎందుకున్నాయని మీరు అడుగుతారు, నేనేమో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక తికమకపడతాను.

దివిసీమలో, పాలకాయతిప్పకి వెళ్లే దారిలో, సముద్రం గాలి తప్ప ఇంకేదీ టైముకి రాని ఊరు అది. మేం అక్కడికొచ్చి అప్పటికి నాలుగేళ్లు. నేను గుడివాడలో పుట్టి పెరిగినదాన్ని. సినిమా హాళ్లు, తియ్యటి నీళ్లు, సాయంత్రమైతే రోడ్డంతా మిరపకాయ బజ్జీల వాసన ఉన్న ఊరినుంచి వచ్చి, బిందెడు మంచినీళ్ల కోసం ట్యాంకరు ముందు నిలబడే ఊళ్లో పడ్డాను. అక్కడ అందరూ నన్ను అమ్మగారూ అనేవాళ్లు, మావారిని అయ్యగారూ అనేవాళ్లు. పిలుపులకేం లోటు లేదు.

మావారి బాధల్లా ఒక్కటే. ఆయన ప్రసంగం ఎవరూ వినేవాళ్లు కాదు. ఆయన బైబిలు తెరిచేసరికి వెనక వరసలో మగవాళ్లు ఒక్కొక్కళ్లే లేచి బీడీలకి బయటికెళ్లేవాళ్లు. ఆడవాళ్లు కొంగుచాటున ఊళ్లో కబుర్లన్నీ చక్కబెట్టేవాళ్లు. సంఘపెద్ద, ఊరంతా మావయ్యగారని పిలిచే పెద్దాయన, ముందు కుర్చీలో కూర్చుని, మొదటి వాక్యానికే తల వాల్చి, ఆమెన్ అన్నప్పుడు మాత్రం అందరికంటే గట్టిగా అనేవారు. అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మావారు వారమంతా కూర్చుని, కొట్టేసి, మళ్లీ రాసి తయారుచేసిన ప్రసంగం అలా గాల్లో కలిసిపోయేది.

ఆ జనవరిలో ఒకరోజు అన్నం తింటూ, "ఇదిగో, నేను మానేస్తాను," అన్నారు.

"వంకాయ కూరేగా, నచ్చకపోతే మానేయండి," అన్నాను.

"పాస్టరు పని. నాలుగేళ్లయింది. నా మాట ఒక్కళ్ల చెవికి కూడా ఎక్కలేదు. ఈస్టరు దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే మీ అన్నయ్య మందుల షాపులో కూర్చుంటాను."

రాజీనామా ఉత్తరం కూడా రాసి బైబిలు వెనక అట్టలో పెట్టుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంతోషంగానే ఉంది. గుడివాడ వెళ్లిపోవచ్చు. కాకపోతే ఆయన ముఖం చూస్తే మాత్రం ఆ సంతోషం నిలిచేది కాదు. మనిషి ఇంట్లో నడుస్తుంటే చెప్పుల చప్పుడు కూడా వినబడేది కాదు.

అంతలో బర్డ్ ఫ్లూ వచ్చింది. మాకు కాదు, ఎక్కడో మహారాష్ట్రలో. కానీ టీవీలకి దూరాభారాలేముంటాయి? తెల్ల ముసుగులు వేసుకున్నవాళ్లు కోళ్లని పట్టి గోనెసంచుల్లో వేస్తుంటే ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. అవనిగడ్డలో చికెన్ కొట్టాయన ఉచితంగా ఇస్తానన్నా తీసుకునేవాళ్లు లేక ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. పెళ్లిళ్లలో చికెన్ ఎత్తేసి గుమ్మడికాయ పులుసు పెడుతున్నారు. జనం మొహాలు చూస్తే, పాపం, ఎవరో పోయినట్టే ఉన్నాయి.

ఒక బుధవారం మా ఊళ్లోకి జీపు వచ్చింది. పశువుల ఆసుపత్రి నుంచి ఒకాయన, చేతిలో పుస్తకం. ఇంటింటికీ వెళ్లి, ఎన్ని కోళ్లున్నాయి, ఈ మధ్య ఏవైనా చచ్చాయా అని అడిగి రాసుకున్నాడు. ఆఖరున మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని టీ తాగాడు.

"జబ్బు ఇక్కడికి రాలేదమ్మా. వస్తే వెంటనే తెలియాలి కదా, అందుకని లెక్క. చచ్చిన కోడిని ముట్టుకోవద్దు, చేతులు కడుక్కోండి, అంతే," అన్నాడు. "ఈ ఫ్లూ కోళ్లకేనా అనుకున్నారు? గుర్రాలకీ వస్తుంది. వాటి రకం వేరు."

నేను వెంటనే నమ్మాను. తొంభైల మొదట్లో నేను బందరులో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు బస్టాండు దగ్గర ఇంకా నాలుగైదు జట్కాలుండేవి. ఒక చలికాలం అందులో ఒక గుర్రానికి జలుబు పట్టుకుంది. వారం తిరిగేసరికి వరసలో గుర్రాలన్నీ దగ్గుతున్నాయి. గుర్రం దగ్గు మీరెప్పుడూ విని ఉండరు. ఎవరో మంచం కోడు తీసి నేలకేసి బాదినట్టుంటుంది. ఒక జట్కా తాత తన గుర్రానికి అల్లం బెల్లం ముద్ద చేసి తినిపించి, తన దుప్పటి దానికి కప్పి, తను పక్కన వణుకుతూ కూర్చునేవాడు. జట్కాలు లేక హాస్టలుకి నడిచెళ్తూ మేం ఆడపిల్లలం, "తాతా, గుర్రానికి ఆవిరి పట్టావా?" అని ఏడిపించేవాళ్లం. "పట్టానమ్మా, ముక్కు పెద్దది, గిన్నె చాల్లేదు," అనేవాడు ఆయన, నవ్వకుండా.

సరే, నేను నమ్మాను గానీ ఊరు నమ్మలేదు. లెక్క రాసుకున్నారంటే పట్టుకెళ్లడానికే అని ఊరి తీర్మానం. జీపు మలుపు తిరక్కముందే కోళ్లన్నీ మాయమయ్యాయి. బియ్యం డబ్బాల వెనక, మంచాల కింద, ఒకావిడైతే కుట్టుమిషను మూతలో. కానీ కోడి నోరు మూసుకుని ఉండదు కదా. గుడ్డు పెట్టినప్పుడల్లా ఊరంతటికీ చాటింపు వేస్తుంది.

అప్పుడు మన సంఘపెద్ద మావయ్యగారికి మెరుపు లాంటి ఆలోచన వచ్చింది. మా దగ్గర కోతపండుగకి పొలంలో మొదట పండింది గుడికి తెచ్చివ్వడం ఆనవాయితీ. ధాన్యం, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్లు. ఇచ్చిందాన్ని దేవుడి పేర రాస్తారు. "దేవుడి పేర రాసేస్తే గవర్నమెంటు ముట్టుకోదు," అన్నారాయన. "గుడి ఆస్తి జోలికి ఎవడొస్తాడు? జబ్బు గొడవ సద్దుమణిగాక ఎవరివి వాళ్లు తెచ్చుకుందాం." ఆయన ఇంట్లో పదకొండు కోళ్లున్నాయి మరి, ఆలోచన రాకేం చేస్తుంది.

ఈ మాట శనివారం మధ్యాహ్నానికి ఊరంతా పాకింది, ఒక్క పాస్టరు చెవిన తప్ప. నాకు చేపలక్క చెప్పింది. ఆవిడ మా వెనకింటావిడ, భర్త పడవ మీద వేటకెళ్తాడు, ఆవిడ గంపెత్తుకుని చేపలమ్ముతుంది. పెరటి గుమ్మంలో రొయ్యలు కొలుస్తూ గొంతు తగ్గించి, "అమ్మగారూ, మేం మీ గుడికి రాం కదా, మాకు మోపిదేవి స్వామి ఉన్నాడు. మా కోళ్లు కూడా మీ దేవుడు పెట్టుకుంటాడా?" అని అడిగింది.

"ఏ కోళ్లు?" అన్నాను. అప్పుడు మొత్తం చెప్పింది. కడుపు పట్టుకుని నవ్వాను. సాయంత్రం మావారికి చెబుదామనుకున్నాను. కానీ ఆయన కిరసనాయిలు స్టవ్వు బాగుచేస్తూ విసుగ్గా ఉన్నారు. రేపు ఆయనే చూస్తారుగా, సరదాగా ఉంటుంది అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

ఆదివారం కానుకల పాట మొదలైంది. సంచి పట్టుకున్న కుర్రాడు బయల్దేరకముందే మావయ్యగారు లేచారు. చంకలో రెండు పుంజులు. ఆయన వెనక ఆయన భార్య, గంపలో పెట్టలు. వాళ్ల వెనక వరస. పాట పాడుతున్నవాళ్లు పాడుతున్నట్టే కొంగుల్లోంచి కోళ్లు తీస్తున్నారు. ఒక పెట్ట హార్మోనియం మీదికెగిరి స్వరం తప్పించింది. ఒక పుంజు బల్ల మీదెక్కి మావారి బైబిలు మీద నిలబడి కూసింది. గుమ్మం బయట చేపలక్కా, ఇంకో నలుగురు పల్లెవాళ్లూ చెప్పులు విప్పి, చేతుల్లో కోళ్లతో భక్తిగా నిలబడ్డారు. కోళ్ల కాళ్లకి గుడ్డపీలికలు. మావయ్యగారి వాటికి పసుపు, ఎదురింటివాళ్లవి ఎరుపు, చేపలక్కవి నీలం వలతాడు. తర్వాత ఎవరిది వాళ్లు పోల్చుకోవాలిగా!

నేను నవ్వాపుకోలేక పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి పుస్తకం దించి మావారి వంక చూశాను.

ఆయన ఏడుస్తున్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు, మళ్లీ పెట్టుకుంటున్నారు, మళ్లీ తీస్తున్నారు. అలాగే చేతులు జోడించి నిలబడిపోయారు.

ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "చూశావా? పోయిన ఆదివారం ఇవ్వడం గురించి చెప్పాను. వీళ్లు విన్నారు! నేను తిట్టుకున్నాను వీళ్లని, కానీ విన్నారు. బయటివాళ్లు కూడా వచ్చారు, గుమ్మం దగ్గర చూశావా? కాళ్లకి రంగు గుడ్డలు కట్టి, అలంకరించి మరీ తెచ్చారు!" అన్నారు.

ఆ క్షణంలో చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేకపోయాను. ఆయన బైబిలు అట్టలోంచి ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశారు. ఆ పూట రెండుసార్లు అన్నం కలుపుకున్నారు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన పాట పాడుతూ పని చేయడం నేను చూడలేదు. ఆ మధ్యాహ్నం పాడుతూ సరుగుడు కర్రలు పాతి, చేపలక్క ఇచ్చిన పాత వల చుట్టి, కోళ్లకి పెద్ద దడి కట్టారు. నాకేమో గుడివాడ మెల్లగా దూరమైపోతోంది. అయినా సరే, ఆ పాట ఆపడం నా వల్ల కాదనిపించింది.

అది మొదలు మావారికి కోళ్లే లోకం. రోజూ పొద్దున ఆరింటికి పుస్తకం పట్టుకుని దడి దగ్గరికెళ్లి లెక్కపెట్టేవారు. ఏ కోడి ఎవరిచ్చారో అందులో రాసుకున్నారు. పన్నెండు పుంజులకి పన్నెండుమంది శిష్యుల పేర్లు పెట్టి, పదమూడోది వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నారు. అందర్నీ పొడిచే పుంజుకి ఏ పేరు పెట్టారో నేను చెప్పక్కర్లేదు. తవుడు కలపడం, నీళ్లు మార్చడం, పెంట ఎత్తడం అన్నీ ఆయనే. నేను చెయ్యేస్తే, "ఉండు, ఇవి దేవుడివి," అనేవారు. దేవుడివే, కానీ వాసన మాత్రం నాకు.

పైగా అవి శ్రమల దినాలు. ఈస్టరు దాకా నలభై రోజులు మేం మాంసం ముట్టం. కళ్లెదురుగా నలభై మూడు కోళ్లు తిరుగుతుంటే చారన్నం తినడమంటే ఏమిటో నాకు తెలుసు. పసుపు పీలికల పెట్ట ఒకటి బొద్దుగా ఊగుతూ వెళ్తుంటే, నాకు దాని వెనక అల్లం వెల్లుల్లి నడుస్తున్నట్టు కనబడేది.

రోజులు గడిచాయి. జీపు మళ్లీ రాలేదు. బాగా ఉడికించి తింటే ఏమీ కాదని పేపర్లో రాశారు. పెద్దపెద్దవాళ్లు టీవీలో కోడికాళ్లు కొరుకుతూ కనబడ్డారు. దానికి తోడు ఈస్టరు దగ్గరపడింది. నలభై రోజులు నోరు కట్టుకున్న ఊరు. ఫారం కోడంటే ఇంకా భయం, నాటుకోడి అయితే పర్వాలేదని అందరి నమ్మకం. ఆ నాటుకోళ్లన్నీ ఎక్కడున్నాయి? మా పెరట్లో.

ముందు వచ్చింది మావయ్యగారి భార్య. అదీ పెరటి గుమ్మంలోకి, అయ్యగారు సైకిలెక్కి వెళ్లాక.

"అమ్మగారండీ, మా అల్లుడు బందరు నుంచి వస్తున్నాడు. మా పసుపు పీలికలవి ఓ రెండు..."

"ఏవిటండీ ఇది! దేవుడికిచ్చి వెనక్కి అడగడానికి నోరెలా వచ్చింది మీకు?"

"ఇచ్చామేంటమ్మగారూ, చోద్యం! దాచమన్నాం. అంతేగా?"

ఆ మాట ఆవిడ ఎంత అమాయకంగా అందంటే, తిట్టబోయినదాన్ని కాస్తా గుమ్మానికి జారబడ్డాను. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు గోడవారగా నిలబడి వంతు కోసం చూస్తున్నారు. ఇవ్వనంటే నేరుగా ఆయన్నే అడుగుతారు. ఆయనకి తెలిసిపోతుంది.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ వస్తుంది, నవ్వూ వస్తుంది. "తీసుకెళ్లండి. కానీ ఒక షరతు," అన్నాను. "పండగ దాకా కొయ్యకూడదు. రోజూ పొద్దున ఆరింటిలోపు తెచ్చి దడిలో వదలాలి. అయ్యగారు లెక్కపెట్టుకుని వెళ్లాక మళ్లీ పట్టుకెళ్లాలి."

"రోజూనా?"

"రోజూ. స్కూలుకి పిల్లల్ని పంపట్లేదా? అలాగే."

ఇక ఈస్టరు ముందు ఆ పవిత్రవారమంతా మా పెరట్లో కోళ్లకి హాజరు పట్టీ నడిచింది. ముందే చేత పట్టుకోకపోతే పండగనాటికి తమ కోడి ఇంకొకళ్ల కుండలో ఉడుకుతుందని ఎవరి భయం వాళ్లది. ఆయన పళ్లు తోముకునే వేళకి ఆడవాళ్లు కొంగుచాటున కోళ్లతో వలకింద నుంచి దూరేవాళ్లు. ఆయన వచ్చి లెక్కపెట్టి, "నలభై మూడు! ప్రభువుకి స్తోత్రం," అనేవారు. ఆయన సైకిలు బెల్లు రోడ్డు మీద వినబడగానే మళ్లీ అందరూ వచ్చి ఎవరివి వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. ఆ వారం ప్రార్థన కూటాలన్నీ ముగించుకుని ఆయన చీకటి పడ్డాకే ఇంటికొచ్చేవారు కాబట్టి సరిపోయింది. ఒకరోజు చేపలక్క ఆలస్యంగా వచ్చింది. ఆయన ముప్ఫైతొమ్మిది దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతుంటే, నేను, "ఏమండీ, ఇటు రండి, పాలు పొంగుతున్నాయి!" అని కేకేసి, ఆయన వంటింట్లోకి వచ్చి చల్లటి పాలగిన్నె వంక అయోమయంగా చూసేలోపు నాలుగు కోళ్లూ దడిలో పడ్డాయి. ఇంకోరోజు ఆయనే, "ఈ మధ్య కోళ్లు కాస్త అలిసినట్టున్నాయి," అన్నారు. రోజుకి రెండు ప్రయాణాలు మరి, అలవకేం చేస్తాయి.

ఈ హడావుడిలో ఒక కోడికి మాత్రం ప్రయాణాలు లేవు. నల్ల పెట్ట, మెడమీద ఈకలు లేని బోడిమెడది. దాని కాలికి ఏ పీలికా లేదు. ఎవరూ దానికోసం రాలేదు. నేనూ పట్టించుకోలేదు. ఉన్న కోళ్లతోనే ఊపిరాడట్లేదు నాకు.

ఈస్టరు వచ్చింది. తెల్లవారుజామున అందరం ట్రాక్టర్లెక్కి పాలకాయతిప్ప ఒడ్డుకెళ్లి సూర్యోదయ ఆరాధన చేశాం. నీళ్లమీద ఎర్రగా పొద్దు పొడుస్తుంటే మావారు చెప్పిన ప్రార్థనకి నాకు కూడా ఒళ్లు జలదరించింది. తిరిగొచ్చేసరికి ఊరంతా మసాలా నూరుతున్న చప్పుడు. పండగనాడు పాస్టరు ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేసి, వాళ్లు పెట్టింది ఒక ముద్దైనా తినాలి. అది తప్పించుకోలేని మర్యాద. నేను పక్కనే నడుస్తున్నాను, ప్రాణాలరచేత పెట్టుకుని.

మొదటి ఇంట్లో నాటుకోడి పులుసు. రెండో ఇంట్లో నాటుకోడి ఇగురు. మూడో ఇంట్లో మళ్లీ పులుసు. మావారు తింటూ, "అందరికీ కోళ్లు ఎక్కడివే? అన్నీ మనకే ఇచ్చారు కదా," అని నా చెవిలో అన్నారు. "చుట్టాలు తెచ్చుంటారు," అన్నాను. నాలుగోది మావయ్యగారిల్లు. మావారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, కళ్లు తెరిచి, ఎదురుగా దొడ్లోకి చూశారు. దండెం మీద పసుపు గుడ్డపీలికలు రెండు, శుభ్రంగా ఉతికి ఆరేసి ఉన్నాయి. పొదుపరి ఇల్లాలు, వచ్చే కోడికి పనికొస్తాయని.

మావయ్యగారు మావారి కంచంలో ఇంకో ముక్క వేస్తూ, తృప్తిగా త్రేన్చి, "ఏమైనా మీ పుణ్యమండీ అయ్యగారూ. జీపువాళ్లు పట్టుకుపోతారని మీ దగ్గర దాచాం. ఒక్క ఈక రాలకుండా కాపాడారు. పాపం అమ్మగారు కూడా వారమంతా మాతో ఎంత కష్టపడ్డారని!" అన్నారు.

మావారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వంక చూశారు. నేను ఏ వంకా చూడలేకపోయాను.

దారిలో ఆయన నాకంటే పదడుగులు ముందు నడిచారు. తిడితే బాగుండుననుకున్నాను. ఇంటికొచ్చి దడి దగ్గర నిలబడ్డారు. లోపల బోడిమెడ పెట్ట ఒక్కతే తవుడు ఏరుకుంటోంది.

"నీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలుసండి."

"మరి చెప్పలేదే?"

"మీరు పాడుతున్నారు కదా," అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు. "నాలుగేళ్లలో మొదటిసారి పాడారు. ఎలా చెప్పను?"

ఆయన పుస్తకం తీసి పేజీలు తిప్పారు. "ఇది ఊరి చివర మామ్మది. ఉప్పుకయ్య పక్కన ఒంటరిగా ఉంటుందే, ఆవిడది. తీసుకెళ్లి ఇచ్చిరా. ముసలావిడ పండగపూట ఏం తింటుందో ఏమో." అని లోపలికెళ్లి కాగితం, కలం తీసుకున్నారు. ఏం రాయబోతున్నారో నాకు తెలుసు. గుడివాడ ఎంతో దూరం లేదిప్పుడు. కానీ నాకు రవ్వంత సంతోషం కూడా కలగలేదు.

బోడిమెడదాన్ని చంకలో పెట్టుకుని ఎర్రటి ఎండలో వెళ్లాను. మామ్మ గుమ్మంలో కూర్చుని మెత్తళ్ల చేపల కూరతో అన్నం తింటోంది.

"మామ్మా, ఇదిగో నీ కోడి. అందరూ తీసుకెళ్లిపోయారు, నువ్వే రాలేదు."

"ఎందుకు తీసుకెళ్లారు?" అంది మామ్మ.

"జీపు రాలేదుగా ఇంక."

"ఏ జీపు?"

జీపు వచ్చిన వారం మామ్మ నాగాయలంకలో కూతురింటికెళ్లిందట. శనివారం చీకటి పడ్డాక వచ్చిందట. జీపూ తెలియదు, మావయ్యగారి ఆలోచనా తెలియదు. ఆదివారం అందరూ కోళ్లు తెస్తుంటే, "నాలాగే వీళ్లకీ మనసుకి తగిలినట్టుంది" అనుకుందట.

"ఏం తగిలింది మామ్మా?"

"అదేంటమ్మా, అంతకుముందు ఆదివారం అయ్యగారు చెప్పలా? నువ్వూ ఉన్నావుగా. మనకి అక్కర్లేనిది ఇస్తే అది ఇల్లు ఊడ్చుకోవడం, అక్కరున్నది ఇస్తేనే ఇవ్వడం అని. కూతురింట్లో వారమంతా నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము. ఇల్లంతా వెతుక్కున్నా నాకు అక్కరున్నది ఇదొక్కటే. నేను మాట్లాడితే బదులు పలికేది ఇదేగా ఇంట్లో. అందుకని ఇచ్చాను. వెనక్కి తీసుకోను. పట్టుకుపో."

కోడి నా చంకలో కదిలింది. మామ్మ దాని వంక చూసి, చూపు తిప్పుకుని, అన్నం కలుపుకుంది. ఆ ఆదివారం నేను కూడా ముందు వరసలోనే కూర్చున్నాను. ఒక్క మాట వినలేదు. సాయంత్రం కూరకి ఏముందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నాలుగేళ్లుగా ఊరు వినట్లేదని ఊరిని తిట్టుకున్నానే, ఆయన ఇంట్లోనే వినని మనిషి ఉందని ఆయనకి తెలుసేమో. తెలిసి కూడా నన్నేనాడూ ఒక్క మాట అనలేదు.

పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి, కోడిని ఆయన కాగితం మీదే దించేసి, మామ్మ అన్న మాట అన్నట్టు చెప్పాను. ఆయన కలానికి మూత పెట్టారు.

"ఆ మాట నేనన్నానా?"

"మీరేగా అన్నది! నన్నడుగుతారేం?"

"నాకు గుర్తులేదే. కాగితంలో రాసుకున్నది కాదది. మధ్యలో నోటికొచ్చుంటుంది." లేచి చెప్పులు వేసుకున్నారు. "ఇంకా ఏమన్నానట?"

"అంతే చెప్పిందండి."

"పద. ఆవిడనే అడుగుదాం."

ఇద్దరం వెళ్లాం. మామ్మ కంగారుపడి మడతమంచం వాల్చబోతే వద్దని, మావారు నేలమీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మామ్మ చెప్పింది. వరస తప్పకుండా, ఆయన ఎక్కడ నీళ్లు తాగారో కూడా కలిపి చెప్పింది. ఆయన చెంపకి చెయ్యానించుకుని మొత్తం విన్నారు. నేను కూడా విన్నాను, మొదటిసారి. మంచి ప్రసంగమే.

చివరికొచ్చేసరికి మామ్మ ఆగింది. "ఆ తర్వాత మీరు గొంతు తగ్గించేశారు. వినబడలేదు."

"ఏమన్నానో నాకూ తెలియదు మామ్మా," అన్నారు మావారు.

మామ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆయన వంక నిదానంగా చూసింది. "మీరు ఈ పని మానేసి గుడివాడలో మందుల షాపుకెళ్లిపోతున్నారటగా. ఊరంతా అనుకుంటున్నారు."

"ఎవరు చెప్పారు?" అంటూ మావారు తలతిప్పి నన్ను చూశారు. నేను చేపలక్కకి ఒక్కదానికే చెప్పాను, అదీ ఒట్టేయించుకుని. ఆ సంగతి ఇప్పుడెందుకులే అని గోడమీద బల్లిని చూస్తూ నిలబడ్డాను.

"వెళ్లడం లేదు మామ్మా," అన్నారు ఆయన.

"అయితే వచ్చే ఆదివారం కాస్త గట్టిగా చెప్పండి," అంది మామ్మ.